హస్తవాసి

మా బావమరిది మున్సిపాలిటీలో చిన్న కాంట్రాక్టరు. పెద్ద రోడ్లు, వంతెనలు అతని దాకా రావు. డ్రైన్లు, కల్వర్టులు, స్కూలు ప్రహరీ గోడలు, అంతే. నేనేమో ముప్పై రెండేళ్లు లెక్కల మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. ఎవరి లెక్కలు వాళ్లు చూసుకున్నన్నాళ్లూ బాగానే ఉన్నాం.

ఒకప్పుడు టెండరు వేయాలంటే గుండె ధైర్యం కావాలి. టెండరు ఫారం కొనడానికి వెళ్తే కౌంటరు ముందు నలుగురు అడ్డం నిలబడేవారు. వాళ్లను దాటుకుని వెళ్లినా వరండాలో టెండరు బాక్సు దగ్గర ఇంకో ఎనిమిది మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్, అంటే ఆన్‌లైన్ టెండర్లు, మొదలయ్యాక ఆ బాధ తగ్గింది. ఇంట్లో కూర్చుని వేసెయ్యొచ్చు. ఇప్పుడు అడ్డం నిలబడేవి కరెంటు, నెట్టు, సర్వరు. వీటిని బతిమాలుకోవడానికీ లేదు, టీ ఇప్పించడానికీ లేదు.

మా వార్డులోనే సిమెంటు డ్రైనుకు టెండరు పడింది. అంచనా విలువ 10 లక్షలు. ధరావతు ఒక శాతం, అంటే 10 వేలు కట్టేశాడు. కాగితాలన్నీ స్కాన్ చేసి ఎక్కించాడు. ఆఖరి రోజు రేటు వేయడమే మిగిలింది. మధ్యాహ్నం మూడింటికి గడువు. సరిగ్గా ఆ రోజే అతనికి ఇంకో చోట స్లాబు పడుతోంది. స్లాబు మధ్యలో వదిలి రావడం కుదరదు కదా.

"బావా, మీరే వేసెయ్యండి. లెస్ 2.75, అంటే అంచనా కన్నా 2.75 శాతం తక్కువ. అంతే," అని డిజిటల్ కీ, అదే అతని సంతకం ఉన్న పెన్ డ్రైవ్ లాంటిది, నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

కీ ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు, తెలుసు. ఏటీఎం పిన్ కూడా ఎవరికీ చెప్పకూడదు. నాది మా ఆవిడకు, మా అబ్బాయికి, పాలవాడికి తెలుసు.

2:40కి కరెంటు పోయింది. 2:52కి వచ్చింది. కంప్యూటరు నిద్ర లేచేసరికి 2:55. కీ గుచ్చాను, పిన్ కొట్టాను, శాతం గడిలో అంకెలు వేశాను. ఏదో అడిగింది, ఓకే అన్నాను. మళ్లీ అడిగింది, మళ్లీ ఓకే. 2:58కి రసీదు వచ్చింది. నుదుటి చెమట తుడుచుకుంటుంటే చేతికి కళ్లజోడు తగిలింది. అది కళ్ల మీద కాదు, నెత్తి మీద ఉంది.

ప్రైస్ బిడ్ తెరిచే రోజు వరకూ ఎవరు ఎంత వేశారో బయటకు రాదు. ముందు టెక్నికల్ బిడ్, అంటే అర్హత కాగితాలు, చూస్తారు, అందులో నెగ్గినవాళ్ల రేట్లే తెరుస్తారు. అందుకని వారం రోజులు హాయిగా నిద్రపోయాను.

ఎనిమిదో రోజు ఫోను.

"బావా, ఎల్-వన్ మనమే. అందరికన్నా తక్కువ రేటు మనదే."

"శుభం!"

"మీరెంత వేశారు?"

"నువ్వు చెప్పిందే."

"నేను చెప్పింది రెండూ ముప్పావు. అక్కడ ఇరవై ఏడున్నర లెస్ ఉంది. రెండోవాడు 3.1 లెస్."

'పాయింటు ఒక్క గది జరిగితే ఇల్లు అమ్ముకోవాలిరా' అని ఏడో తరగతి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

వెనక్కి తగ్గితే ధరావతు పోతుంది, పైగా బ్లాక్‌లిస్టు భయం. చేస్తే 10 లక్షల పని 7 లక్షల 25 వేలకు చేయాలి. ఇంతటితో అయిందా? పాతిక శాతం కన్నా కిందకు దిగితే, ఆ దిగిన మేరకు అగ్రిమెంటు నాడు అదనపు డిపాజిట్ కట్టాలి. అంటే ఇంకో 25 వేలు. నష్టానికి చేస్తానన్నవాణ్ణే హామీ అడుగుతారన్నమాట. ఆ పాతిక వేలూ నా పెన్షన్లోంచి వెళ్లాయి. వాళ్లక్క, అంటే మా ఆవిడ, తీర్పు అలా వచ్చింది.

ఆఫీసులో మాత్రం సంతోషించారట, అంచనా మీద 2.75 లక్షలు ఆదా అని. చూశారా, 2.75 ఎటూ పోలేదు. లక్షల్లో తేలింది.

అసలు చిత్రం మున్సిపల్ ఆఫీసు ఎదుట టీ కొట్టు దగ్గర జరిగింది. వేలు జారిందని ఒక్కడంటే ఒక్కడు నమ్మలేదు. కంకర క్రషర్లో వాటా కొన్నాడని ఒకరు. అంచనా పెంచుతూ రివైజ్డ్ ఎస్టిమేట్ వస్తోందని ముందే కబురు అందిందని ఇంకొకరు. లెక్కల మాస్టారు కూర్చుని గుణించి వేశాడట, ఊరికే వేస్తాడా అని మరొకరు. నిన్నటి వరకూ మా వాణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్లు 'గారు' తగిలించడం మొదలెట్టారు. మా వాడు నోరు మెదపలేదు. పరువుకు కూడా ధరావతు కట్టినట్టే ఉంది.

డ్రైను సగం అయ్యేసరికి అతను నాలుగు కిలోలు తగ్గాడు.

మొన్న సాయంత్రం ఆ 3.1 లెస్ ఆయనే పూతరేకుల పెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"మాస్టారూ, పక్క వీధి డ్రైనుకు టెండరు పడింది. మీ హస్తవాసి మంచిదని ఊరంతా అంటున్నారు. బటన్ మీ చేత్తోనే నొక్కాలి," అంటూ డిజిటల్ కీ టీపాయ్ మీద పెట్టాడు.

ఏం చెప్పాలో తోచక వంటింటి వైపు చూశాను. మా ఆవిడ గుమ్మం దాకా వచ్చి, పూతరేకుల పెట్టె లోపలికి తీసుకెళ్తూ నా చెవిలో అంది:

"సరేననండి. కళ్లజోడు మాత్రం పెట్టుకోకండి."