కంప్యూటరు కులం చూడదు, సరే. మిగతావన్నీ చూస్తుందిగా!

కాలనీ గ్రూపుల్లో, వ్యాపారుల సంఘాల గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇది. చిరువ్యాపారులకు ఇచ్చే సాయమంతా ఆన్‌లైన్ అయిపోయింది, కంప్యూటరు కులం చూడదు, ఆడా మగా చూడదు. చిరువ్యాపారులకు లోన్లిచ్చే ముద్ర పథకం ఖాతాల్లో మూడింట రెండొంతులు ఆడవాళ్ళవే. ఇంకా కొందరికి సబ్సిడీ ఎక్కువ ఇవ్వడం మిగతావాళ్ళకు అన్యాయం. నలుగురు వికలాంగుల కోసం ర్యాంపులూ యాప్‌లో మార్పులూ డబ్బు దండగ. ఫారంలో కులం అడగడమే వివక్ష కాబట్టి, పథకం అందరికీ సమానంగా అందుతోందా అని ఆరా తీసే తతంగమే ఎత్తెయ్యాలి.

పంపుతున్నవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. వాళ్ళలో నాకు తెలిసిన షాపు ఓనర్లూ ఉన్నారు. కానీ ఒక్కో మాటా విడదీసి చూస్తే నిలబడేది తక్కువ.

ముందు ఆ కంప్యూటరు సంగతి. పీఎం స్వనిధి లోన్ల పథకాన్నే తీసుకుందాం. 2020 జూన్‌లో, లాక్‌డౌన్‌తో గిరాకీ పోయిన తోపుడుబళ్ళ వాళ్ళ కోసం మొదలైంది. మొదట 10 వేలు, అది కడితే 20 వేలు, అదీ కడితే 50 వేలు ఇచ్చేవారు. 2025 ఆగస్టులో మొదటి రెండింటినీ 15 వేలు, 25 వేలు చేశారు. తాకట్టు అక్కర్లేదు, వేళకు కడితే 7 శాతం వడ్డీ రాయితీ. డైలీ ఫైనాన్స్ వాళ్ళ చేతిలో నలిగినవాళ్ళకు ఇది ఎంత ఊరటో చెప్పక్కర్లేదు. దాని దరఖాస్తుకు ఏం కావాలి? ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు, దాంతోపాటు మున్సిపాలిటీ ఇచ్చిన వెండింగ్ కార్డో సిఫారసు పత్రమో. అసలు చిక్కంతా అక్కడే.

సికింద్రాబాద్ మోండా మార్కెట్ చుట్టుపక్కల భార్యాభర్తలు కలిసి నడిపే కూరగాయల బండి ఒకటి అనుకోండి. తెల్లారకముందే సరుకు తెచ్చేది ఆయన, పొద్దుపోయేదాకా నిలబడి అమ్మేది ఆమె. కార్డు మాత్రం ఒక్కరి పేరు మీదే ఉంటుంది, అది ఎవరి పేరో మీరూ ఊహించగలరు. ఆధార్‌కు లింకైన నంబరేమో ఆయన జేబులోనో కొడుకు జేబులోనో ఉంటుంది. ఆమె మీసేవ కౌంటరు దగ్గర నిలబడి ఫోన్ చేసి, కొడుకు ఎత్తి, ఓటీపీ చదివి చెప్పేలోపు టైమ్ అయిపోతుంది. మళ్ళీ మొదటినుంచి. ఆడమనిషికి లోను ఇవ్వనని కంప్యూటరు ఎక్కడా అనలేదు, నిజమే. ఆమె పేరు మాత్రం లిస్టులో ఉండదు.

చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్‌కు రండి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో ఫలానా ఊరి సరుకు అని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది, పేపర్లలో ఫొటోలు కూడా పడ్డాయి. కుంపటి వేడికి మెత్తబడ్డ లక్కను కడ్డీగా సాగదీసి, గుండ్రంగా చుట్టి, అది గట్టిపడేలోపు ఒక్కో రాయీ అద్దాలి. పాతబస్తీ ఇళ్ళలో కూర్చుని ఆ పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరో. అలాంటి ఒకామెకు రోడ్డు మీద బండి లేదు, కాబట్టి స్వనిధి రాదు. షాపు లేదు, కాబట్టి ట్రేడ్ లైసెన్సు లేదు. పాన్, జీఎస్టీ లేని ఇలాంటివాళ్ళను లెక్కలోకి తేవడానికే 2023 జనవరిలో ఉద్యం అసిస్ట్ అనే రిజిస్ట్రేషన్ పోర్టల్ పెట్టారు. సంతోషం. అలాంటిదొకటి ఉందని ఆమెకు చెప్పేదెవరు, ఏ భాషలో? 2017 నుంచి ఉర్దూ ఈ రాష్ట్రంలో రెండో అధికార భాష. ఆఫీసు గోడ మీద ఉర్దూలో ఒక పోస్టరు అంటిస్తే ఆ బాధ్యత తీరిపోదు. ఉద్యం రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం రూపాయి కూడా తీసుకోదు. అయినా ఇంగ్లీషు ఫారం చదవలేనివాళ్ళకు ఆ ఉచిత పనికీ మధ్యవర్తి ఎవరో ఒకరు రేటు పెడతారు.

ఆరా తియ్యాలన్నది ఇందుకే. పథకం గురించి ఎందరికి తెలిసింది, ఎందరు ఫారం మొదలుపెట్టారు, ఎందరు మధ్యలో ఆగిపోయారు, ఎందరికి మంజూరైంది, ఎంత మంజూరైంది, రెండోసారి ఎందరు వచ్చారు. ఎక్కడ ఎవరు రాలిపోయారో ఈ మెట్ల లెక్క ఉంటేనే దొరుకుతుంది. చివర్లో డబ్బు అందినవాళ్ళను మాత్రమే లెక్కపెడితే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

ముద్ర మాటకొస్తే, సుమారు 68 శాతం ఖాతాలు ఆడవాళ్ళవే. ఇది నిజం. అయితే అది ఖాతాల లెక్క, రూపాయల లెక్క కాదు. శిశు కేటగిరీలో 50 వేల లోపు ఇస్తారు, తరుణ్‌లో 10 లక్షల దాకా, తరుణ్ ప్లస్‌లో 20 లక్షల దాకా. ముప్పై వేల లోనూ ఒక ఖాతాయే, పద్దెనిమిది లక్షల లోనూ ఒక ఖాతాయే. ఎవరి ఖాతాలో ఎంత పడిందో పక్కన రాయకుండా ఖాతాల శాతం ఒక్కటే చూపిస్తే అది ప్రచారం.

ఇక సబ్సిడీ ‘అన్యాయం’. సొంత యూనిట్ పెట్టుకునేవాళ్ళకు సబ్సిడీతో లోను ఇప్పించే కేంద్ర పథకం పీఎంఈజీపీలో నగరంలో 10 లక్షల యూనిట్ పెడితే జనరల్ వాళ్ళకు 15 శాతం, అంటే లక్షన్నర. ప్రత్యేక కేటగిరీకి 25 శాతం, అంటే రెండున్నర లక్షలు. సొంత వాటా ప్రత్యేక కేటగిరీకి 50 వేలు, జనరల్ వాళ్ళకు లక్ష. ఆ సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్ళు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది. మిగతాది వడ్డీతో కట్టాల్సిన అప్పే. ఇంకో ముచ్చట. ప్రత్యేక కేటగిరీ అంటే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలే అనుకుంటున్నారేమో. ఏ కులమైనా సరే ఆడవాళ్ళంతా అందులోకి వస్తారు, మాజీ సైనికులూ వికలాంగులూ వస్తారు. ఫార్వర్డ్ పంపిన అన్న తన చెల్లెలితో టిఫిన్ సెంటర్ పెట్టిస్తే ఆమెకూ ఆ 25 శాతమే.

నాకు నిజంగా కోపం తెప్పించింది వికలాంగుల మాట. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో 2.68 కోట్ల మంది. ‘నలుగురు’ అనిపించడానికి కారణం, మిగతావాళ్ళు గడప దాటలేకపోవడమే. ర్యాంపునే చూడండి. నిబంధనల ప్రకారం ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి. మూడు మెట్లున్న బ్రాంచీకి, అంటే అడుగున్నర ఎత్తుకు, పద్దెనిమిది అడుగులు. మన దగ్గర స్కూటర్ ఎక్కించడానికి నాలుగడుగుల సిమెంటు ఏటవాలు వేసి దాన్నే ర్యాంపు అంటున్నారు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఒక్కరే దాని మీద ఎక్కాలని చూస్తే కుర్చీ వెనక్కి పడుతుంది.

యాప్‌ల సంగతీ అంతే. చూపు లేని వ్యాపారి ఫోన్‌లో టాక్‌బ్యాక్ (తెర మీదున్నది చదివి వినిపించేది) పెట్టుకుని వేలితో తడుముతూ పోతుంటాడు. పేరు పెట్టని బటన్ల దగ్గర అది ‘బటన్, బటన్’ అని మాత్రమే చదువుతుంది. ఏది సబ్మిట్, ఏది క్యాన్సిలో తెలియదు. అది దాటినా బొమ్మలో అక్షరాలు టైప్ చెయ్యమంటుంది. అదీ దాటితే సెల్ఫీ తీసి కళ్ళు ఆర్పమంటుంది! యాసిడ్ దాడిలో కనురెప్పలు పోయినవాళ్ళు ఆ రెప్ప ఆర్పే పరీక్ష మీదే సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2025 ఏప్రిల్ 30న కోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది, కస్టమరు ఎవరో ధ్రువీకరించే కేవైసీ పద్ధతి మార్చమంటూ 20 ఆదేశాలిచ్చింది.

అంతకుముందు 2024 నవంబరు 8న సుప్రీంకోర్టే ఇంకో తీర్పు ఇచ్చింది. అందుబాటు ప్రమాణాలను సలహాల్లాగా వదిలేసిన నిబంధన చెల్లదని, తప్పనిసరి నియమాలు రాయమని కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో కోర్టు కోరిన నివేదిక తయారుచేసింది మన శామీర్‌పేటలో ఉన్న నల్సార్ లా యూనివర్సిటీ వికలాంగుల అధ్యయన కేంద్రమే. 2016 వికలాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ పేదరిక నిర్మూలన, అభివృద్ధి పథకాల్లో 5 శాతం వీళ్ళకు కేటాయించాలంటుంది, అందులోనూ మహిళలకు ముందు. కాబట్టి ‘దండగ’ అంటున్న ఖర్చు దయతో పెట్టేది కాదు. చట్టం అడిగినది.

కులం అడగడమే వివక్షన్న మాటలో ఒక పాలు ఒప్పుకుంటాను. కౌంటరు దగ్గర పదిమంది వినేలా ‘మీదే కులం’ అనడం తప్పే. అంతమాత్రాన రాయడమే మానేస్తే ఏమవుతుంది? 2016లో వచ్చిన స్టాండప్ ఇండియాలో ప్రతి బ్యాంకు బ్రాంచీ కనీసం ఒక ఎస్సీకో ఎస్టీకో, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి దాకా లోను ఇవ్వాలన్నారు. వివరం రాయకపోతే ఏ బ్రాంచీ ఇచ్చింది, ఏది ఎగ్గొట్టింది అని ఎవరిని అడగాలి?

తతంగం అంటున్నారు గానీ, ఉద్యం ఫారంలో సామాజిక వర్గం, స్త్రీనా పురుషుడా, వైకల్యం ఉందా అన్న గడులు ఇప్పటికే ఉన్నాయి. కోట్లమంది నింపారు కూడా. పేర్లు తీసేసి, ఏరియా వారీగా, దరఖాస్తులు ఎన్ని, మంజూరు ఎన్ని, రూపాయలు ఎన్ని అని మూడు నెలలకోసారి ఆఫీసు బయట బోర్డు మీద అంటించడానికి కొత్త కమిటీ ఏమీ అక్కర్లేదు, ఉన్న గుమస్తా చాలు.