గొంతు తగ్గించడమూ చికిత్సే

మధ్యాహ్నం పన్నెండయినా గదిలో కిటికీ తెర తీయలేదు. గోడవైపు తిరిగి పడుకున్న పాతికేళ్ల యువకుడు మెలకువగానే ఉన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చి మూడు నెలలయింది. చెవుల్లో వినిపించే మాటలు దాదాపు ఆగిపోయాయి. ఎవరో తనపై నిఘా పెట్టారన్న భయమూ పోయింది. డాక్టరుకు తృప్తిగానే ఉంది, ఇంట్లోవాళ్లకే లేదు. "జబ్బు తగ్గింది కదా, ఇంకా ఈ పడకేమిటి? లేచి స్నానం చేయడానికి ఏమయింది?" తలుపు దగ్గర నిలబడి రోజూ ఇదే నిలదీత. అలా అడుగుతున్నవాళ్లు కఠినాత్ములేమీ కారు. అతను నిద్రపోని రాత్రుల్లో వాళ్లూ నిద్ర మానుకుని కాపలా కాసినవాళ్లే.

స్కిజోఫ్రీనియా అనగానే మనకు గుర్తొచ్చేవి లేని మాటలు వినిపించడం, అంతులేని అనుమానాలు. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే లక్షణాలు కాబట్టి వాటి గురించే మాట్లాడుకుంటాం. ఈ జబ్బుకు చప్పుడు చేయని లక్షణాలు ఇంకొన్ని ఉన్నాయి. మాట తగ్గిపోతుంది, ముఖంలో భావం పలచబడుతుంది, చిన్న పని మొదలుపెట్టాలన్నా కాళ్లూ చేతులూ కదలవు. వైద్యులు వీటిని నెగటివ్ లక్షణాలంటారు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ అనే మందు వాడకం మొదలైంది. అప్పటి నుంచి వచ్చిన మందులు భ్రాంతులనూ భ్రమలనూ చాలామందిలో అదుపులోకి తెస్తున్నాయి. ఈ నిశ్శబ్ద లక్షణాల మీద మాత్రం వాటి ప్రభావం స్వల్పమే. పైగా కొన్ని మందులు మగతను కూడా తెచ్చిపెడతాయి. చూసేవాళ్లకు ఇదంతా ఒట్టి బద్ధకం. మందు చేరలేని చోటికే ఇంటివాళ్ల తిట్లు సూటిగా చేరుతున్నాయన్నమాట.

దీన్ని లెక్కగట్టి చూపినవాళ్లున్నారు. 1950లలో లండన్‌లో సామాజిక శాస్త్రవేత్త జార్జ్ బ్రౌన్, మానసిక ఆసుపత్రుల నుంచి బయటికొచ్చినవాళ్లు ఆ తర్వాత ఎలా ఉన్నారో ఆరా తీశారు. తల్లిదండ్రుల దగ్గరకో భార్య దగ్గరకో వెళ్లినవాళ్లకంటే, అద్దె గదుల్లోనో తోబుట్టువుల ఇళ్లలోనో ఉన్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు. అయినవాళ్ల మధ్య ఉన్నవారికే జబ్బు ఎక్కువగా తిరగబెట్టడం ఎవరూ ఊహించనిది. ఆ చిక్కుముడి విప్పే ప్రయత్నంలోనే 'ఎక్స్‌ప్రెస్డ్ ఎమోషన్' అనే కొలత పుట్టింది. కుటుంబ సభ్యులతో తీరిగ్గా మాట్లాడి, ఆ సంభాషణను రికార్డు చేసి, అందులో ఎత్తిపొడుపు ఎంత, విసుగు ఎంత, మితిమీరిన కలగజేసుకోవడం ఎంత అని లెక్కపెడతారు. ఏమన్నారన్నది ఒక్కటే కాదు, ఏ స్వరంతో అన్నారన్నదీ లెక్కలోకి వస్తుంది. 1976లో పరిశోధకులు క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ ఫలితాలు ప్రకటించారు. ఈ కొలత ఎక్కువగా ఉన్న ఇళ్లలో తొమ్మిది నెలల్లోపు జబ్బు తిరగబెట్టినవారు 51 శాతం, తక్కువగా ఉన్న ఇళ్లలో 13 శాతం. ఇంటివాళ్ల విమర్శల్లో ఎక్కువ భాగం భ్రమల గురించి కాదు, ఆ ముభావం గురించీ ఏ పనీ చేయకపోవడం గురించీనట.

ఈ అంకెలను తల్లిదండ్రుల మీదికి విసరడం సులువు. ఆ తప్పు ఇదివరకే జరిగింది. 1940లలో కొందరు మానసిక వైద్యులు ఈ జబ్బుకు తల్లి పెంపకమే కారణమని తేల్చేశారు. ఆధారం లేని ఆ మాట ఎందరు తల్లులను కుంగదీసిందో! ఎక్స్‌ప్రెస్డ్ ఎమోషన్ పరిశోధన జబ్బు ఎందుకు వచ్చిందో చెప్పదు, వచ్చాక దాని నడక ఎలా మారుతుందో చెబుతుంది. ఇంట్లో పెరిగే విసుగు చాలాసార్లు అలసటకు ఇంకో పేరు. అలసినవాళ్లకు నేర్పితే విసుగు తగ్గుతుంది, జబ్బు తిరగబెట్టడమూ తగ్గుతుంది. కుటుంబానికిచ్చే శిక్షణ మీద జరిగిన అధ్యయనాలు ఈ విషయాన్ని మళ్లీ మళ్లీ చూపాయి. నేర్పేవి బ్రహ్మవిద్యలేమీ కావు. కదలలేకపోవడం కూడా జబ్బులో భాగమేనని తెలియడం, ఒకసారికి ఒక్క విషయమే అడగడం, "నువ్వెప్పుడూ ఇంతే" అనడం మానడం, రోజంతా ఒకరి ముఖం ఒకరు చూస్తూ కూర్చోకుండా ఎవరి వ్యాపకం వాళ్లు చూసుకోవడం. నా దృష్టిలో చివరిదే అన్నిటికంటే కష్టం. ప్రేమంటే కనిపెట్టుకుని ఉండడమేనని మనం గట్టిగా నమ్ముతాం మరి.

స్కిజోఫ్రీనియాతో బతికిన గణితవేత్త జాన్ నాష్ ప్రస్తావన లేకుండా ఈ జబ్బు మీద వ్యాసం ఉండదు. 1994 నోబెల్‌తో మొదలుపెట్టి మేధావితనం దగ్గర ముగిస్తారు. నాకు ఆసక్తి కలిగించేది వేరే. 1963లో విడాకులు తీసుకున్న భార్య ఆలిసియా, 1970లో ఆయన్ను మళ్లీ ఇంట్లోకి రానిచ్చారు. భర్తగా కాదు, గదిలో ఉండే మనిషిగా. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి ఆయన్ను ప్రాంగణంలో తిరగనిచ్చింది. నీడ దొరికింది, నిలదీత తప్పింది. నాష్ మందులు మానేశారన్న సంగతిని మాత్రం ఆదర్శంగా తీసుకోకూడదు. మందులు మానడంతో మళ్లీ ఆసుపత్రి పాలైనవారే ఎక్కువ.

నోబెల్ వచ్చిన మనిషి సంగతి సరే, మిగతావాళ్ల మాటేమిటి? అమెరికాలో వెర్మాంట్ రాష్ట్ర ఆసుపత్రిలో, ఇక బాగుపడరని వదిలేసినవాళ్లను 1950లలో పునరావాస కార్యక్రమంతో బయటికి పంపారు. సగటున 32 ఏళ్ల తర్వాత పరిశోధకురాలు కోర్ట్‌నే హార్డింగ్ బృందం వాళ్లను వెతికి పలకరించింది. సగం నుంచి మూడింట రెండు వంతుల మంది కోలుకున్నారు లేదా చాలా మెరుగయ్యారు. అలాంటి పునరావాసం లేని మెయిన్ రాష్ట్రంలో, అదే తరహా రోగుల పరిస్థితి అంత బాగా లేదు. వెర్మాంట్ వాళ్లకు దొరికినవి ఉండడానికి చోటు, చేయడానికి పని, పలకరించే మనిషి. పని విషయంలో మన ఆలోచన తలకిందులుగా ఉంటుంది. ముందు పూర్తిగా నయం కావాలి, తర్వాత శిక్షణ, ఆ తర్వాతే ఉద్యోగం అంటాం. ముందు మామూలు ఉద్యోగంలో చేర్చి, పక్కన ఒకరు తోడుండే పద్ధతిలో పనిలో కుదురుకున్నవారు పాత పద్ధతికంటే దాదాపు రెండింతలు.

ఇవన్నీ తెలిసి దశాబ్దాలయింది. అయినా సైకోసిస్, అంటే భ్రాంతులూ భ్రమలూ ఉండే స్థితి, ఉన్నవారిలో నిపుణుల వైద్యం అందేది మూడింట ఒక వంతుకూ తక్కువ మందికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ అందేవాళ్లకైనా ఏమందుతోంది? ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చే కాగితంలో మాత్ర పేరు ఉంటుంది, ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది, పొద్దునో రాత్రో రాసి ఉంటుంది. ఇంటివాళ్లకు మాత్రం నోటిమాటగా ఒకటే చెబుతారు, జాగ్రత్తగా చూసుకోమని. ఆ జాగ్రత్త పొద్దున ఎంతో, రాత్రి ఎంతో రాసిచ్చేవాళ్లు లేరు. అది తెలియకే ఆ తల్లీ తండ్రీ తలుపు దగ్గర నిలబడి అరుస్తున్నారు.