ఎగరమన్నది ఎవరో డ్రోన్‌కు తెలియాలి

కిందటి వేసవిలో మా అనంతపురం కుర్రాళ్ళిద్దరు బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్న, డ్రోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య సమాచారం మోసే టెలిమెట్రీ రేడియోలను తాము కట్టుకున్న డ్రోన్‌కు అమర్చి, చిక్కబళ్లాపురం దగ్గర ఒక బీడు పొలంలో పరీక్షిస్తుంటే నేనూ పక్కనే ఉన్నాను. ల్యాప్‌టాప్ తెరమీద బ్యాటరీ వోల్టేజీ ఉన్నట్టుండి మారిపోయింది. "అన్నా, ఇది మనది కాదు" అన్నాడు చిన్నవాడు. అవతలి గట్టున ఇంకో బృందం తమ డ్రోన్‌ను సిద్ధం చేసుకుంటోంది. వాళ్ళ రేడియోలూ మావీ ఫ్యాక్టరీ అమర్చి పంపిన నెట్ ఐడీ 25 మీదే ఉన్నాయి; ఒకే ఐడీ ఉన్న రేడియోలు ఒకదాని మాట ఒకటి వింటాయి. నంబరు మార్చుకున్నాం, సమస్య తీరింది. కానీ ఆ క్షణంలో మేము 'దిగు' అని నొక్కి ఉంటే వాళ్ళ డ్రోన్ దిగిపోయేదే, ఎందుకంటే ఆ ఆదేశం ఎవరిదని అడిగే ఏర్పాటు అందులో లేదు.

డ్రోన్ల భద్రత అనగానే మనవాళ్ళు సందేశాన్ని ఇతరులు చదవకుండా దాచే ఎన్‌క్రిప్షన్ గురించే మాట్లాడతారు. ఇరాక్‌లో అమెరికా ప్రిడేటర్ డ్రోన్ల వీడియోను అక్కడి మిలిటెంట్లు చవకైన సాఫ్ట్‌వేర్‌తో పట్టుకున్నారని 2009లో బయటపడిన కథ అందరి నోటా నలిగినదే. అయితే పొలానికి మందు కొట్టే డ్రోన్ చూపే దృశ్యంలో దాచవలసినది పెద్దగా ఏముంది? అక్కడ అసలు ప్రశ్న ఆదేశం పంపినవారెవరన్నదే.

దీనికి ఉపాయం ఎప్పుడో వచ్చింది. డ్రోన్‌ను నడిపే ఆర్డూపైలట్, పీఎక్స్4 వంటి ఆటోపైలట్ సాఫ్ట్‌వేర్లు మాట్లాడే మ్యావ్‌లింక్ భాష రెండో రూపంలో ప్రతి సందేశానికీ 13 బైట్ల సంతకం జోడించవచ్చు: లింకు సంఖ్యకు ఒక బైటు, పంపిన సమయాన్ని తెలిపే సమయముద్రకు ఆరు, సందేశాన్ని 32 బైట్ల రహస్య కీతో కలిపి ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణిత పద్ధతిలో లెక్కగట్టిన ఫలితంలోని మొదటి ఆరు. గాలిలోంచి పట్టుకున్న పాత ఆదేశాన్ని మళ్ళీ పంపి మోసం చేయాలని చూస్తే సమయముద్ర పట్టించేస్తుంది. 'నేను బతికే ఉన్నాను' అని చెప్పే హార్ట్‌బీట్ సందేశం 21 బైట్ల నుంచి 34కు పెరుగుతుంది, అంతే ఖర్చు. ఇది సందేశాన్ని దాచదు, సిగ్నల్‌ను అడ్డుకునే రేడియో జామింగును ఆపదు; ఆదేశమిచ్చింది కీ ఉన్నవారేనని మాత్రం తేలుస్తుంది.

అయినా చాలామంది దీన్ని ఆన్ చేయరు. తప్పు గణితంలో లేదు, కీ నిర్వహణలో ఉంది. రెండు వైపులా ఒకే రహస్యం కాబట్టి ల్యాప్‌టాప్ అమ్మితే కీ కూడా దానితోపాటే పోతుంది. డ్రోన్ రిపేరుకు వెళితే, తన ల్యాప్‌టాప్ కలవడం లేదని మెకానిక్ సంతకాన్ని తీసేస్తాడు, తర్వాత మళ్ళీ పెట్టేవారుండరు. ఒక తయారీదారు వెయ్యి డ్రోన్లకూ ఒకే కీ వేసి పంపితే, ఒక్కదాన్ని విప్పినవాడికి వెయ్యీ దొరికినట్టే. కీని యూఎస్‌బీ తీగ మీదుగా కాక రేడియోలో పంపడమైతే, ఇంటి తాళంచెవిని వీధిలో చాటింపు వేసి ఇవ్వడమే.

మన నిబంధనల్లో ఒక వింత ఉంది. 2018 డిసెంబరులో అమల్లోకి వచ్చిన 'అనుమతి లేనిదే ఎగరరాదు' పద్ధతిలో, ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక డిజిటల్ స్కై ఇచ్చే అనుమతిపత్రంలోని డిజిటల్ సంతకాన్ని సరిచూశాకే డ్రోన్ మోటార్లు తిరగాలని అప్పట్లో నియమం ఉండేది. అంటే ప్రభుత్వం తన మాటకు సంతకం పెట్టుకుంది, పైలట్ మాట సంగతి పట్టించుకోలేదు. 2021 డ్రోన్ నిబంధనలు ఆ పద్ధతిని, రియల్ టైమ్ ట్రాకింగ్‌ను, నిర్ణీత హద్దు దాటనివ్వని జియోఫెన్సింగ్‌ను మున్ముందు తప్పనిసరి చేయవచ్చని, అమలుకు కనీసం ఆరు నెలల గడువు ఉంటుందని చెప్పాయి. ఆ జాబితాలోనూ ఆదేశాల ధ్రువీకరణ కనిపించదు.

డ్రోన్ నమూనాను ఆమోదించే టైప్ సర్టిఫికెట్ ఇచ్చే ముందు ఒక చిన్న పరీక్ష చేర్చితే నా దృష్టిలో సగం పని అవుతుంది. డ్రోన్ గాలిలో ఉండగా, పరీక్షకుడు వేరే రేడియో నుంచి అదే నెట్ ఐడీతో, సంతకం లేకుండా 'దిగు' అని పంపాలి. అది దిగితే సర్టిఫికెట్ ఆపాలి.