బహుమతి ముందు, తనిఖీ తర్వాత

అమెరికా చరిత్ర రాసేవాళ్లకు బాన్‌క్రాఫ్ట్ ప్రైజ్ అంటే చాలా పెద్ద గౌరవం. ఫ్రెడరిక్ బాన్‌క్రాఫ్ట్ అనే చరిత్రకారుడు రాసిచ్చిపోయిన ఆస్తితో కొలంబియా విశ్వవిద్యాలయం 1948 నుంచి దీన్ని ఇస్తోంది. నిబంధనలు చదివితే ముచ్చటేస్తుంది. పుస్తకం ఎవరైనా పంపొచ్చు. కొలంబియాతో సంబంధం ఉండక్కర్లేదు, అమెరికా పౌరులే కానక్కర్లేదు. ఆత్మకథలు పనికొస్తాయి. ప్రముఖుల ఉత్తరాలు, ఉపన్యాసాల సంపుటాలు మాత్రం వాళ్లే కూర్చుకుంటే తప్ప పనికిరావు. పుస్తకం నిరుడు అచ్చయినదై ఉండాలి. ఇంత జాగ్రత్తగా రాసుకున్న నిబంధనలు కూడా 2001లో బోల్తాపడ్డాయి.

ఆ ఏడాది బహుమతి అందుకున్నవారిలో ఎమరీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ మైకేల్ బెలీల్ ఒకరు. పుస్తకం పేరు ‘ఆర్మింగ్ అమెరికా’. తొలినాళ్ల అమెరికాలో తుపాకులు మనం అనుకున్నంత విరివిగా లేవన్నది ఆయన వాదన. చనిపోయినవాళ్ల ఆస్తుల జాబితాలు 11 వేలకు పైగా చూశానన్నాడు. 1765-1790 మధ్య జాబితాల్లో తుపాకీ కనిపించింది 14.7 శాతం వాటిలోనే అని లెక్క చెప్పాడు.

లా ప్రొఫెసర్ జేమ్స్ లిండ్‌గ్రెన్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ చరిత్ర రాసే క్లేటన్ క్రేమర్ వంటివాళ్లు ఆ ఆధారాలను తిరగేశారు. చాలాచోట్ల లెక్క కుదరలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చూశానని చెప్పిన రికార్డులు 1906 భూకంపం తర్వాతి మంటల్లో కాలిపోయినవి! నోట్సు చూపించమంటే, ఆఫీసులోకి నీళ్లొచ్చి పాడైపోయాయన్నాడు. ఎమరీ బయటి నుంచి ముగ్గురు పండితులతో కమిటీ వేసింది. ఆయన పరిశోధనలో నిజాయితీ ఉందా అన్నదే అనుమానమని ఆ కమిటీ తేల్చింది. 2002 అక్టోబరులో ఆయన రాజీనామా ప్రకటించాడు. డిసెంబరులో కొలంబియా ట్రస్టీలు బహుమతి రద్దుచేసి, 4,000 డాలర్లు తిరిగిచ్చేయమన్నారు. ఆ ప్రైజ్ చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి.

జ్యూరీని తిట్టడం తేలికే. నా మటుకు అసలు తప్పు ‘నిరుటి పుస్తకం’ అన్న నిబంధనది. 2000లో వచ్చిన పుస్తకానికి 2001 వేసవి రాకముందే బహుమతి ఇచ్చేశారు. దానిమీద ‘విలియం అండ్ మేరీ క్వార్టర్లీ’ అనే చరిత్ర పత్రికలో పండితులు వివరంగా చర్చించింది 2002 జనవరిలో. అప్పటికి బహుమతి గూట్లోకి చేరిపోయింది. నవలకైతే ఈ తొందర చెల్లుతుంది. పరిశోధన గ్రంథానికి సగం ప్రాణం పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని పట్టిచూడాలంటే ఎవరో ఒకరు రికార్డు రూముకు వెళ్లాలి, దుమ్ము దులపాలి. అందుకు రెండేళ్లు ఆగితే బహుమతికి వచ్చే నష్టమేంటి?

మన దగ్గర యూజీసీ 2018లో కాపీ రాతల మీద నిబంధనలు తెచ్చింది. ఇతరుల రాతలతో పోలిక సాఫ్ట్‌వేర్ లెక్కలో 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 60 దాటితే పరిశోధక విద్యార్థి రిజిస్ట్రేషనే రద్దు. ప్రయోజనం పొందాక కాపీ బయటపడినా ఆ ప్రయోజనాన్ని ఆపి ఉంచవచ్చని కూడా అందులో ఉంది, అది మంచి మాట. కానీ బెలీల్ పుస్తకాన్ని ఆ సాఫ్ట్‌వేర్‌లో వేసి చూడండి, హాయిగా పాసైపోతుంది. ఆయన ఎవరి వాక్యాన్నీ దొంగిలించాడన్నది కాదు గొడవ. వాక్యాలు సొంతవి, ఆధారాలే నిలబడనివి. ఇక పురస్కారాల ప్రకటనల్లో నేను ఎక్కువగా చూసేది ‘నాలుగు ప్రతులు పంపాలి, తిరిగి పంపబడవు’ అన్న మాటే. పుస్తకాలు తిరిగి రావన్న సంగతి ముందే చెబుతారు గానీ, బహుమతి ఎప్పుడు తిరిగి ఇవ్వాల్సివస్తుందో చెప్పరు. చివరి వడపోతలో మిగిలిన రెండు మూడు పుస్తకాల నుంచి పాతిక ఫుట్‌నోట్లు తీసి, మూలంతో సరిచూస్తే చాలు. దానికయ్యే ఖర్చు సన్మాన సభలో శాలువాల ఖర్చును మించదేమో.

ఇచ్చిన బహుమతిని వెనక్కి తీసుకోవడానికి ఏ కొలత పెట్టాలన్నది చిక్కు ప్రశ్న. పత్రికా రచనకు బహుమతులిచ్చే పులిట్జర్ బోర్డు కూడా కొలంబియా నీడలోనే నడుస్తుంది. సోవియట్ యూనియన్ గురించి తప్పుదారి పట్టించే వార్తలు రాశాడన్న విమర్శ ఉన్న న్యూయార్క్ టైమ్స్ విలేకరి వాల్టర్ డ్యురాంటీకి 1932లో ఇచ్చిన బహుమతిని అది 2003 నవంబరులో రద్దుచేయనంది. కావాలనే మోసం చేశాడనడానికి స్పష్టమైన రుజువు లేదన్నది దాని కారణం. పత్రికా రచనకు అది సరిపోతుందేమో. పరిశోధనకు ఉద్దేశంతో పనిలేదు, ఆధారం నిలబడకపోతే చాలు అంటాను నేను.

అయితే వెనక్కి తీసుకునే ఈ నిబంధన, రచయితంటే గిట్టనివాళ్ల చేతికి చిక్కిందా, ఏటా ఒక పుస్తకం బలి. బెలీల్ మీద ముందు నుంచీ కత్తి కట్టినవాళ్లలో తుపాకీ ఉంచుకునే హక్కు కోసం వాదించేవాళ్లూ ఉన్నారు. అందుకే ఎమరీ చేసిన ఒక పని నాకు నచ్చింది. కమిటీకి ఇచ్చింది ఐదు ప్రశ్నలే. ఆయన రికార్డులు ఎలా చూశాడు, ఎలా వాడుకున్నాడు అన్నదాని చుట్టూనే అవి తిరిగాయి. పుస్తకం వాదన ఒప్పో తప్పో తేల్చమని వాళ్లను ఎవరూ అడగలేదు.