దయచేసి ఆ యాసిడ్ సీసా కింద పెట్టండి

నిన్న సాయంత్రం విశాఖ లాసన్స్ బే కాలనీలో నడుస్తూ ఒక ఇంటి ముందు ఆగిపోయాను. ప్లాస్టరింగ్ లేని ఎర్ర ఇటుక ఇల్లు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఒకతను నిచ్చెనెక్కి, బాత్రూమ్ కడిగే యాసిడ్‌ని మగ్గుతో గోడ మీద కొడుతున్నాడు. సందుల్లోంచి బుసబుసా నురగ వస్తోంది. కింద నిలబడిన ఇంటాయన నన్ను చూసి "చూశారా, మురికంతా ఎలా పొంగుతోందో" అన్నారు సంబరంగా.

పొంగేది మురికి కాదండీ బాబూ. మీ ఇటుకల్ని పట్టుకుని ఉన్న మాలు కరుగుతోంది.

ఆ మాట పైకి అనలేకపోయాను. ఎందుకంటే మూడేళ్ళ క్రితం అదే నిచ్చెన మా ఇంటికి వేయించిన ఘనుణ్ణి నేను.

మాది ఎంవీపీ కాలనీ. నాన్న 1996లో కట్టించారు, బయట గోడలన్నీ ఇటుక కనిపించేలా. అప్పట్లో చుట్టాలందరూ "డబ్బులైపోయి ప్లాస్టరింగ్ ఆపేశావా" అని అడిగేవారట. ఆయన పట్టించుకోలేదు. ప్రతి ఆదివారం బోరు మోటారు వేసి, పైపు పట్టుకుని, ఏనుగుకి స్నానం చేయించినట్టు గోడ కడిగేవారు. నాన్న పోయాక ఆ డ్యూటీ నాకొచ్చింది. గోడ మీద తెల్లటి పొడి మాత్రం ఏటేటా పెరుగుతూనే వచ్చింది. విశాఖలో అందరూ చెప్పే మాటే మేమూ చెప్పుకున్నాం: సముద్రం పక్కన ఉంటే ఉప్పు పట్టదా మరి!

చెల్లి పెళ్ళి కుదిరింది. మగపెళ్ళివాళ్ళు వచ్చేలోపు గోడ మెరవాలి. పెయింటర్ యాసిడ్ అన్నాడు, సరే అన్నాను. పెళ్ళి ఫోటోల్లో గోడ నిజంగానే బావుంది. నెల తిరిగేసరికి తెల్లపొడి రెట్టింపైంది, అక్కడక్కడ తుప్పురంగు మరకలు తేలాయి, సందుల్లో వేలు పెట్టి రాస్తే ఇసుక రాలింది. గోడ కింద అమ్మ పెంచుకున్న మల్లెపాదు చచ్చిపోయింది. దాని గురించి అమ్మ ఇప్పటికీ అంటుంది.

జరిగిందేమిటో తర్వాత తెలిసింది. ఆ యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడే. సిమెంటులోనూ సున్నంలోనూ ఉన్న కాల్షియంతో కలిసి కాల్షియం క్లోరైడ్ అవుతుంది. అది గాలిలోని తేమను లాక్కునే ఉప్పు. అంటే ఉప్పు వదిలించడానికి పోసి, ఇంకో రకం ఉప్పును గోడకి తాగించామన్నమాట. అందులోనూ మావాడు పొడిగోడ మీద పోశాడు. ఎండిన ఇటుక స్పాంజి లాంటిది, ఏం పోస్తే అది పీల్చేస్తుంది. ఎప్పుడో తప్పనిసరై, తెలిసినవాళ్ళు, బాగా పలచన చేసి వాడేటప్పుడు కూడా ముందు గోడను మంచినీళ్ళతో బాగా తడిపి, తర్వాత మళ్ళీ బాగా కడుగుతారు.

ఇక్కడితో ఆగినా పోయేది. మరకలు కప్పడానికి పైన నిగనిగలాడే కోటింగ్ వేయించాను. "చుక్క నీరు లోపలికి పోదు సార్, గ్యారంటీ" అన్నాడు కోటింగ్ వేసినతను. పోలేదు. లోపలున్నది బయటికీ రాలేదు. రెండు వానాకాలాలు తిరిగేసరికి కోటింగ్ బొబ్బలెక్కింది, దాంతోపాటు ఇటుక పైపొర బిస్కెట్ పెచ్చుల్లా ఊడి వచ్చింది. ఉప్పునీరు పైకి వచ్చి ఆరితే తెల్లపొడి అవుతుంది, బ్రష్‌తో పోతుంది. దారి మూసేస్తే ఆ స్ఫటికాలు పైపొర వెనకే పెరిగి ఇటుకను పగలగొడతాయి. ఇటుకకు బట్టీలో కాలి గట్టిపడిన చర్మం పైన ఉంటుంది. అది ఊడితే మళ్ళీ రాదు. కారు కడిగే ప్రెషర్ పంపుతో గోడ కడిగేవాళ్ళు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ ధాటికి చర్మమూ లేస్తుంది, మాలూ కొట్టుకుపోతుంది.

అసలు గుట్టు విప్పింది అమ్మ. ఒకరోజు నేను గోడ ముందు తల పట్టుకుని కూర్చుంటే వచ్చి "ఆ తెలుపు ఎక్కడెక్కడుందో చూసినావేట్రా?" అంది. చూశాను. పైన పిట్టగోడ కింద పెద్దగా లేదు. ఏసీ పైపు కారే చోట చారలా ఉంది. క్రోటన్ల వెనక నడుమెత్తు దాకా ఉంది. మిగతాదంతా నేను పైపుతో కొట్టే మేరకే ఉంది, కొలిచి గీసినట్టు! "మీ నాన్నకి చెప్తే ఇన్నాడా? బోరునీళ్ళతో బట్టలుతికితేనే తెల్లగా కట్టేస్తాయి. గోడకెందుకు పడతావు?"

ఇరవై ఏళ్ళకు పైగా మా నాన్నా, ఆ తర్వాత నేనూ ప్రతి ఆదివారం ఉప్పునీళ్ళతో గోడకి అభిషేకం చేశాం. ప్రేమతో.

సముద్రానికి పాత్ర లేదని అనను. మామూలు ఉప్పు, గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే నీరైపోతుంది, తగ్గితే మళ్ళీ గడ్డకడుతుంది. మన ఊళ్ళో తేమ ఆ గీతకు అటూ ఇటూ ఎన్నిసార్లు ఊగుతుందో ఒళ్ళు జిడ్డోడే ఎవరికైనా తెలుసు. అలా ఊగిన ప్రతిసారీ ఇటుక రంధ్రాల్లో ఉప్పు కరుగుతూ, గట్టిపడుతూ, కొంచెం కొంచెంగా తొలుస్తూ ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు వాన అడ్డంగా కొట్టి, మా హాలు లోపలి గోడ సంక్రాంతి దాకా ఆరలేదు. సముద్రాన్ని ఎలాగూ ఆపలేం. ఏసీ పైపుని ఆపగలం కదా!

చివరికి విజయనగరం నుంచి ఒక తాపీ మేస్త్రిని పిలిపించాను. మనిషి మాట కటువు, కూలి ఎక్కువ, మధ్యాహ్నం రెండింటికి పని ఆపేస్తాడు. కానీ గోడ ముట్టుకునే ముందు ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగి నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో చూశాడు. ఏసీ పైపుని దూరంగా డ్రైనేజీలోకి తిప్పించాడు. క్రోటన్ల మట్టి గోడ మీదికి ఎగదోసి ఉంటే తవ్వించి, పునాది మట్టం కిందికి దింపించాడు. సన్‌షేడ్ కింద నీరు వెనక్కి పాకి గోడెక్కకుండా అంచున గాడి తీశాడు. ఈ మూడు పనులకీ అయిన ఖర్చు నేను కోటింగ్‌కి తగలేసిన దాంట్లో పావు వంతు లేదు.

ఆ తర్వాతే గోడ. ముందు పొడిగా ఉన్నప్పుడే నైలాన్ బ్రష్‌తో తెల్లపొడి దులిపి, కింద పట్టా వేసి ఎత్తి పారేయాలి. నీళ్ళు కొడితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. ఇనుప బ్రష్ వద్దు, దాని ముక్కలు ఇరుక్కుని తుప్పు మరకలవుతాయి. దులిపాక కుళాయి నీళ్ళతో, మామూలు ధారతో, పైనుంచి కిందికి ఒకసారి. ఏడాదికి ఒక్కసారి చాలు, వానలు వెళ్ళిపోయాక జనవరిలోనో ఫిబ్రవరిలోనో. నీడపట్టున పాచి పట్టిన చోట పలచటి బ్లీచింగ్ నీళ్ళు, కాసేపయ్యాక కడిగేయడం. (దీన్ని యాసిడ్‌తో పొరపాటున కూడా కలపకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది.)

పాయింటింగ్ (ఇటుకల సందుల్లో కొత్త మాలు నింపడం) దగ్గర ఆయనతో నాకు గొడవైంది. నేను సిమెంటు ఎక్కువ వేయమన్నాను. ఆయన సిమెంటు ఒక పాలు, సున్నం ఒక పాలు, ఇసుక ఆరు పాళ్ళు అన్నాడు. "మాలు ఇటుక కంటే మెత్తగుండాల బాబూ. పోతే మాలు పోవాల, ఇటుక పోకూడదు." సందుల్లో పాత మాలు అంగుళం లోతు దాకా గీకించాడు. పైపైన పూస్తే ఏడాదికే ఊడిపోతుందట. వంశధార ఇసుక తెప్పించి, కుళాయి నీళ్ళతో కలిపి, వారం రోజులు తడిపాడు. బోరు మోటారు స్విచ్‌కి మాత్రం అమ్మ టేపు వేసేసింది.

రావి మొక్కల విషయం కూడా చెప్పాలి. పిట్టగోడ సందులో రెండాకులు వేసినప్పుడే వేరుతో లాగేయండి. దేవుడి చెట్టని వదిలేస్తే ఆ దేవుడే గోడ చీల్చుకుని వస్తాడు.

ఇటుక ఇల్లు కట్టుకోబోయే కుర్రాళ్ళు ఆర్కిటెక్ట్ లారీ బేకర్ పేరు చెబుతుంటారు. మంచిదే, నాకూ ఆయనంటే గౌరవం. కానీ కేరళలో ఆయన కట్టిన ఇళ్ళ ఫోటోలు సరిగ్గా చూడండి. చాలావాటికి వాలు కప్పులు, గోడల మీదికి బాగా దిగిన చూరులు ఉంటాయి. ఆ చూరే గోడకి గొడుగు. మనవాళ్ళు ఇటుకను కాపీ కొట్టి గొడుగు మర్చిపోతారు. బల్లపరుపు స్లాబు వేసి, ఎలివేషన్ కోసం సన్‌షేడ్లు కూడా తీసేసి, నాలుగేళ్ళకి గోడ పాడైందంటే అది ఇటుక తప్పా? కొనేటప్పుడైనా బట్టీవాణ్ణి అడగండి: ఒక ఇటుకను 24 గంటలు నీళ్ళలో నానబెడితే, మామూలు రకాలకి బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చకూడదని ఇటుకల భారతీయ ప్రమాణం ఐఎస్ 1077 చెబుతుంది. వంటింటి కాటా చాలు, ఇంట్లోనే చూసుకోవచ్చు. నేను మా మిగులు ఇటుకల్లో ఒకటి తూచాను. 14 శాతం వచ్చింది. నాన్న ఇటుక మంచిదే ఎంచారు.

ముందు గోడ, పక్క గోడ అయ్యాయి. ఊడిపోయిన ఇటుకలు ముప్పై దాకా మార్చాం, రంగు కలవలేదు, ఎగుడుదిగుడుగా ఉంది. వెనక గోడ వచ్చే జనవరికి ఉంచాం. గాజువాక, మద్దిలపాలెం వైపు కల్తీ లేని సున్నం దొరికే కొట్టు ఎవరికైనా తెలిస్తే కామెంట్‌లో చెప్పండి. పోయినసారి తెచ్చింది బాలేదని మేస్త్రి సగం బస్తా తిప్పి పంపేశాడు.