పరీక్షించని మట్టికి క్లీన్ చిట్ ఎలా ఇస్తారు?

విజయనగరం జిల్లా చీపురుపల్లి, గరివిడి, మెరకముడిదాం మండలాల్లో మాంగనీస్ గనుల పక్కన సాగు చేసే రైతుకు భూసారం గురించి ప్రభుత్వం ఇచ్చేది సాయిల్ హెల్త్ కార్డు ఒక్కటే. 2015లో మొదలైన ఈ పథకంలో 12 అంశాలు పరీక్షిస్తారు. మాంగనీస్ వాటిలో ఒకటి. అయితే సూక్ష్మపోషకంగా అది పంటకు చాలుతోందా, తక్కువైందా అన్నంతవరకే ఆ పరీక్ష. మితిమీరి పేరుకుందేమో చూడరు. సీసం, కాడ్మియం, క్రోమియం, ఆర్సెనిక్‌ల ఊసే ఉండదు. గని వ్యర్థాల డంపు మీదుగా వాననీరు దిగే మడికీ, గని పొడే సోకని మడికీ ఒకే కార్డు. ఆ కార్డు చూసి భూమి బాగుందని రైతు ఎలా నమ్మాలి?

ఇక్కడ తవ్వకాలు 1892లో కోడూరు గనితో మొదలయ్యాయి. 130 ఏళ్లు దాటినా గని హద్దు అవతల పొలాల్లో ఏ లోహం ఎంత చేరిందో చెప్పే లెక్క రైతు చేతికి రాలేదు. ఎవరైనా అడిగితే ‘కాలుష్యానికి ఆధారాలేవీ?’ అన్న ఎదురుప్రశ్న వస్తుంది. ఆధారాలు సేకరించాల్సిన బాధ్యత ఉన్నవాళ్లే ఆధారాలు అడగడం మమ్మల్ని కలవరపెడుతోంది.

2025 జులైలో కేంద్రం కలుషిత ప్రాంతాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. అనుమానం ఉన్న చోట్లపై జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి, కాలుష్య నియంత్రణ మండలి గడువులోగా మట్టి, నీరు పరీక్షించాలి, పాడుచేసినవాళ్లే ఖర్చు భరించాలి. మంచి నిబంధనలే. కానీ గనుల తవ్వకంతో వచ్చే కాలుష్యాన్ని వేరే చట్టాలు చూసుకుంటాయంటూ పక్కన పెట్టేశారు. ఆ వేరే చట్టాలు డంపు ఎలా పేర్చాలో, గని ఎలా మూయాలో చెబుతాయి. పక్క రైతు మడిలో మట్టిని ఎవరు, ఎన్నాళ్లకోసారి తీసి చూడాలో అడిగితే జవాబు దొరకదు. పరీక్ష లేదు కాబట్టి ఆధారం లేదు, ఆధారం లేదు కాబట్టి పరీక్ష అక్కర్లేదు. ఈ తీరు ఇక్కడ చెల్లితే రేపు ప్రతి గని దగ్గరా ఇదే చెబుతారు.

గనులు ఎన్నో కుటుంబాలకు కూడు పెడుతున్నాయి, ఈ నేలలో మాంగనీస్ సహజంగానే ఎక్కువ అనేవాళ్లున్నారు. నేల సంగతి నిజమే. సహజంగా ఉన్నదెంత, గని తెచ్చిపెట్టిందెంత అని విడదీయడానికే కదా పరీక్ష! అదే రకం రాతి మీద గనికి దూరంగా ఉన్న మట్టితో పోల్చాలి. పై పొరనూ లోపలి పొరనూ విడివిడిగా తీయాలి. గాలివాటున, గెడ్డ (వాగు) దిగువన నమూనాలు తీయాలి. వరి మడిలో నీళ్లు నిలిస్తే మట్టిలో బిగిసి ఉన్న మాంగనీస్ కరిగి వేళ్లకు అందుతుంది కాబట్టి ఎండిన నేలతో పాటు నీళ్లున్న మడినీ చూడాలి. బావి నీటినీ చూడాలి. తాగునీటిలో మాంగనీస్ లీటరుకు 0.1 మిల్లీగ్రాముకు మించకూడదని భారతీయ ప్రమాణం చెబుతోంది. వేరే దారి లేకపోతే 0.3 దాకా. మాంగనీస్ దుమ్ము ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు చేతులు వణకడం, నడక తడబడడం వంటి నరాల జబ్బు వస్తుందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు.

పక్కన శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బుతో అల్లాడిన ఉద్దానం ప్రాంతాన్ని చూడండి. ఆ కిడ్నీ జబ్బుకు గనులే కారణమని మేం అనడం లేదు. అక్కడ జనం మంచం పట్టాకే నీళ్లూ మట్టీ పట్టించుకున్నారు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచేసరికి 2023 డిసెంబరు వచ్చింది. ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యాక!

డబ్బు లేదనడానికి వీల్లేదు. గనుల యజమానులు రాయల్టీతో పాటు జిల్లా ఖనిజ నిధికి కట్టాలని 2015 నుంచి చట్టం ఉంది. తాగునీరు, ఆరోగ్యం, పర్యావరణం ఆ నిధికి అధిక ప్రాధాన్య రంగాలు. విజయనగరం జిల్లా యంత్రాంగం ఈ ఖరీఫ్ నాట్లకు ముందే నమూనాలు తీయించాలి. లీజుదారుకు సంబంధం లేని ల్యాబుకు పంపాలి. ఫలితాలను సర్వే నంబర్ల వారీగా పంచాయతీ గోడ మీద తెలుగులో అతికించాలి.

ఖనిజంలో మాంగనీస్ ఎంత శాతమో తేలనిదే ధర కట్టరు, రాయల్టీ లెక్క వేయరు. ఇన్నేళ్లుగా రాయిని పరీక్షించడానికి ల్యాబు దొరికింది, కెమిస్టు దొరికాడు, తీరికా దొరికింది. కూత వేటు దూరంలో అన్నం పండే మడికి ఎందుకు దొరకలేదో అధికారులు ఆ రైతుల ముందు నిలబడి చెప్పాలి.