హైబ్రిడ్‌ని అంత తేలిగ్గా తీసేయకండి
పెట్రోలు ఇంజనూ, ఎలక్ట్రిక్ మోటారూ రెండూ ఉండే హైబ్రిడ్ కారు అంటే రెండు పడవల మీద కాళ్లు పెట్టడమేనని ఒక వ్యాసంలో రాశారు. మాట బాగుంది కానీ, 1997లో జపాన్‌లో టయోటా ప్రియస్ అనే హైబ్రిడ్ కారు వచ్చినప్పటి నుంచీ ఆ రెండు పడవలూ మునగకుండానే నడుస్తున్నాయి. ట్రాఫిక్‌లో చూడండి: పెట్రోలు కారులో బ్రేక్ వేసిన ప్రతిసారీ బండి వేగంలో ఉన్న శక్తి వేడిగా పోతుంది. హైబ్రిడ్‌లో మోటారే జనరేటరుగా మారి కొంత తిరిగి బ్యాటరీలో వేస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగిపోతే, మొదట్లో బండి చెడిపోయిందేమో అనిపిస్తుంది కూడా! పూర్తి ఎలక్ట్రిక్ ఇంకా మేలే, కాదనను. ఇంట్లోనే చార్జింగ్ పెట్టుకునే వీలున్నవాళ్లు కళ్లు మూసుకుని అదే కొనొచ్చు. కానీ కారు రోడ్డు పక్కనే ఆపుకునేవాళ్లు రాత్రిపూట వైరు ఎక్కడి నుంచి లాగాలి? చలిలో రేంజ్, అంటే ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం, తగ్గుతుందన్న టెన్షన్ వేరే.